పిల్లాడికి చేత్తో బొంత కుడదామనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా కుట్టు క్లాసుకి వచ్చేవాళ్లూ, రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఇదేంటండీ ఇలా వచ్చింది" అని అడిగేవాళ్లూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు మగపిల్లాడికి, మన విశాఖ గాలికి తగ్గట్టు కుట్టుకునే బొంత గురించి ఇదంతా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

వైజాగ్‌లో చలే ఉండదు కదండీ, బొంత దేనికి?

ఊళ్లో జనవరిలో కూడా రాత్రి 15 డిగ్రీల కిందికి దిగడం అరుదే. కానీ మే నెలలో ఏసీ పెట్టి, ఫ్యాను కూడా వేసి, తెల్లారేసరికి పిల్లలు ముడుచుకుపోయి పడుకుంటున్నారు. ఇప్పుడు బొంత పని అంతా ఆ గదిలోనే. కొనే కంఫర్టర్లలో చాలావాటికి లోపల పాలిస్టర్ దూది ఉంటుంది. కరెంటు పోయిందంటే కాసేపటికే పిల్లాడి మెడ వెనక చెమట పట్టేస్తుంది. నాలుగు పొరల పల్చటి నూలు బొంతైతే ఏసీ ఉన్నా, పోయినా పిల్లాడు లేవడు. లంబసింగి, అరకు శీతాకాలంలో వెళ్తే మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి, రగ్గు కూడా పట్టుకెళ్లండి.

మా బాబుకి ఇంకా ఏడాది నిండలేదు. కప్పొచ్చా?

వద్దు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు పక్కలో బొంత, దిండు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు గట్టిగానే చెప్తారు. ముఖం మీదికి వస్తే వాళ్లంతట వాళ్లు తీసుకోలేరు. కుట్టాలని ఉంటే ఇప్పుడే కుట్టి, బాబు మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు నేలమీద పరిచి ఆడించండి.

ఎంత సైజు కుట్టాలి?

48 అంగుళాల వెడల్పు, 66 అంగుళాల పొడవు. ఐదేళ్ల పిల్లాడు దాదాపు 43 అంగుళాలు, అంటే 110 సెంటీమీటర్లు ఉంటాడు. కాళ్ల దగ్గర మడిచి పెట్టగా ఇంకా మిగులుతుంది, తొమ్మిది పదేళ్ల దాకా పనికొస్తుంది. చాలామంది మొదటిసారే డబుల్ కాట్ సైజు కుడతామంటారు. ఆ బరువు ఒళ్లో పెట్టుకుని చేత్తో కుట్టాలంటే ఓపిక చాలదు, సగంలో బీరువా పైకి చేరుతుంది.

పాత చీరలు వాడాలా, కొత్త గుడ్డ కొనాలా?

నా మాట అడిగితే పైకి కొత్తది, లోపలికి పాతది. పైపొర పిల్లాడి గోళ్లకి, ఉతుకుళ్లకి, దిండు యుద్ధాలకి తట్టుకోవాలి. లోపలి పొరకి కావలసింది మెత్తదనం, అది ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీరకే ఉంటుంది.

పాత చీరని వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి. కుచ్చిళ్లు దోపుకునే చోట, మడమ తగిలే చోట నేత పల్చబడి జల్లెడలా కనిపిస్తే ఆ భాగం తీసేయండి. మిగతా చోట రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగండి. చర్రుమంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. జరీ ఉంటే కత్తిరించి పక్కన పెట్టాల్సిందే, లోపలి పొరలో ఉన్నా గుచ్చుకుంటుంది. సింథటిక్, షిఫాన్ చీరలు ఎంత మెత్తగా ఉన్నా వద్దు, చెమట పీల్చవు.

మా అత్తగారు పోయారు. ఆవిడ చీరలతో మనవడికి బొంత కుట్టొచ్చా? ఇంట్లో కొందరు వద్దంటున్నారు.

దీనికి అందరికీ ఒకటే జవాబు ఉండదు. కొన్ని ఇళ్లల్లో పోయినవాళ్ల బట్టలు దానం ఇచ్చేస్తారు, కొన్ని ఇళ్లల్లో ఒక చీర ఉంచుకుంటారు. నేను చెప్పేది ఒకటే, కత్తెర పెట్టకముందే మామయ్యగారినీ, మీ ఆయన్నీ, ఆడపడుచులనీ అడగండి. కుట్టేశాక తెలిస్తే గొడవ బొంత మీద కాకుండా మీ మీద పడుతుంది. ఎక్కువమంది ఒప్పుకునే మధ్యేమార్గం ఏంటంటే, చీర మొత్తం కొయ్యకుండా కొంగు ముక్క ఒకటి తీసి బొంత వెనకవైపు ఒక మూల అతకడం. మిగతా చీర మడతపెట్టి దాచుకోవచ్చు.

మగపిల్లాడికి పూల గుడ్డ వద్దంటోంది మా అమ్మ. నిజంగా బాగోదా?

కప్పుకునేవాణ్ణి అడిగారా? నాలుగేళ్లవాడికి నాలుగు గుడ్డలు ముందు పెడితే ఏం కావాలో వాడే చెప్తాడు. గులాబీ రంగు మీద చెయ్యి వేసిన పిల్లల్ని చూశాను, నల్లటి గీతల గుడ్డ పట్టుకుని వదలనివాళ్లనీ చూశాను. అమ్మమ్మగారి కోసం ఒక వైపు గళ్లు, చారలు పెట్టుకోండి. బొంతకి రెండు వైపులుంటాయి కదా.

మంగళవారం కత్తెర పట్టకూడదంటారు...

బుధవారం కత్తిరించండి. మంగళవారం నాడు కొన్న గుడ్డ ఉతికి ఆరేసుకోవచ్చు.

## గుడ్డ, దారం

ఎంత గుడ్డ కొనాలో లెక్క చెప్పండి.

48 x 66 బొంతకి, 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) లెక్కన చెప్తున్నాను. పైన అడ్డంగా 7, నిలువుగా 10, మొత్తం 70 చదరాలు. కుట్టాక ఒక్కోటి 6 అంగుళాలు రావాలంటే ఆరున్నర అంగుళాలకి కత్తిరించాలి. నాలుగు రకాల గుడ్డ ఒక్కోటి 60 సెంటీమీటర్లు తీసుకుంటే ఒక్కోదాంట్లో 18 చదరాలు, మొత్తం 72 వస్తాయి. అర మీటరు చాలు కదా అని కొట్టులో లెక్క కట్టొద్దు, నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోతుంది.

చుట్టూ మూడు అంగుళాల బోర్డర్‌కి మరో 60 సెంటీమీటర్లు, అంచు పట్టీకి అర మీటరు. వెనకవైపుకి సింగిల్ కాట్ కాటన్ దుప్పటి ఒకటి కొనేయండి, అతుకు లేకుండా సరిపోతుంది. లోపలికి ఒక పాత నూలు చీర. ఐదున్నర మీటర్ల చీరని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 72 అంగుళాల పొడవు వస్తుంది. రెండు ముక్కలు రెండు పొరలు. చీర పన్నా 46 అంగుళాల దగ్గర ఉంటుంది, అంచు తీసేస్తే ఇంకా తగ్గుతుంది కాబట్టి మూడో ముక్కని నిలువు పట్టీలుగా చీల్చి పక్కన కలపాలి. కలిపేచోట ఒకదాని మీద ఒకటి అర అంగుళం ఎక్కించి చదునుగా కుట్టేయండి. మడిచి కుడితే గట్టులా తగులుతుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

పాప్లిన్, కేంబ్రిక్ లాంటివాటికి మ్యాచింగ్ సెంటర్లు చాలు. జగదాంబ, డాబా గార్డెన్స్ వైపు తిరిగితే ఒక సాయంత్రంలో రంగులన్నీ కుదురుతాయి. బేరమాడి తీసుకుందామనుకునేవాళ్లు పూర్ణా మార్కెట్, వన్‌టౌన్ వైపు వెళ్తారు. గాజువాకలో ఉండేవాళ్లు ఇంత దూరం రావక్కర్లేదు, అక్కడే అన్నీ ఉన్నాయి. అసలు కొనేముందు మీ జాకెట్లు కుట్టే టైలర్‌ని మిగిలిన ముక్కలు అడగండి. ఆరున్నర అంగుళాల చదరం వచ్చే ముక్కలు వాళ్ల దగ్గర సంచులకొద్దీ ఉంటాయి.

కొట్టువాళ్లు ప్యూర్ కాటనే అంటారు. ఎలా తెలుస్తుంది?

అంచు నుంచి నాలుగు పోగులు లాగి, మెలిపెట్టి, పట్టకారుతో పట్టుకుని సింకు పైన వెలిగించండి. నూలైతే గబుక్కున అంటుకుని కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలే బూడిద వేలితో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ కలిస్తే మంట దగ్గర ముడుచుకుపోతూ కరుగుతుంది, చల్లారాక చివర్న గట్టి పూసలాంటిది మిగులుతుంది. చల్లారకముందు ముట్టుకోకండి. పిల్లల ముందు ఈ పరీక్ష వద్దు, తర్వాత వాళ్లు చేస్తారు.

ఎరుపు, నీలం గుడ్డలు రంగు దిగుతాయని భయంగా ఉంది.

కత్తిరించకముందే అన్ని గుడ్డలూ విడివిడిగా ఉతకండి. ముదురు రంగులు, కలంకారీ అద్దకాలు నీళ్లు తేటగా వచ్చేదాకా. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందని అందరూ అంటారు గానీ కొట్లలో కొనే గుడ్డల విషయంలో దాన్ని నమ్ముకోలేం. అనుమానం ఉంటే తడి గుడ్డని తెల్ల రుమాలు మీద పెట్టి ఇస్త్రీ చేయండి. రుమాలుకి రంగు అంటితే ఆ గుడ్డ ఇంకోసారి ఉతకాలి. మూడుసార్లు ఉతికినా అంటుతూనే ఉంటే తెల్లగుడ్డ పక్కన దాన్ని వేయకండి, అంతే.

లోపల దూది పెట్టకపోతే బొంత ఎలా అవుతుంది?

మన నాయనమ్మల బొంతల్లో ఉన్నవి చీరలూ పంచెలే. దూది పెడితే దగ్గర దగ్గరగా కుట్టకపోతే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది, తడిస్తే మన తేమకి తొందరగా ఆరదు. రెండు పొరల చీర పెట్టిన బొంత కిలో అటూ ఇటూ తూగుతుంది. చిన్నపిల్లాడికి అంతకన్నా బరువు అక్కర్లేదు.

## కత్తిరించడం, అతకడం

చదరాలు సమానంగా రావడం లేదు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది.

గట్టి అట్ట మీద ఆరున్నర అంగుళాల చదరం ఒకటి గీసి, దాన్నే అన్నిటికీ వాడండి. కత్తిరించిన గుడ్డముక్కని పెట్టి ఇంకో ముక్క కత్తిరించడం వల్లే ఈ తేడా వస్తుంది, ప్రతిసారీ ఒక గీత మందం పెరుగుతూ పోతుంది. గుర్తు పెట్టడానికి అరిగిపోయిన సబ్బు బిళ్ల చాలు, ఉతికితే పోతుంది. బాల్ పెన్ను వద్దు. గుడ్డకి ఇస్త్రీ చేశాకే గీయండి.

అతికాక మూలలు కలవడం లేదు. ప్లస్ గుర్తులా రావాలి కదా?

రెండు కారణాలుంటాయి. మొదటిది, కుట్టు వదిలే జాగా. అన్నిచోట్లా పావు అంగుళమే ఉండాలి. మిషన్ పాదం అంచు పావు అంగుళం ఉందో లేదో స్కేలుతో కొలవండి. లేకపోతే మిషన్ పలక మీద టేపు ముక్క అతికించి దాని వెంబడే కుట్టండి.

రెండోది ఇస్త్రీ. ఒక వరస అతుకుల్ని కుడివైపుకి, తర్వాతి వరస అతుకుల్ని ఎడమవైపుకి వాల్చి ఇస్త్రీ చేయండి. రెండు వరసలు ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒకదాని గట్టు ఇంకోదాని గట్టుకి ఆనుకుని ఆగిపోతుంది, అది వేలికే తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుడితే మూల కదలదు. ఇంత చేసినా ఒకటి రెండు చోట్ల నూలువాసి తప్పుతుంది. మీకు తప్ప ఎవరికీ కనిపించదు, విప్పకండి.

వాడికి బీచ్‌లో ఉన్న సబ్‌మెరైన్ బొమ్మ కావాలట. ఎలా?

ఆర్కే బీచ్‌లో కుర్సురాని చూసొచ్చిన పిల్లలందరిదీ ఇదే కోరిక. అసలు కొలతల్లో గీస్తే మాత్రం బాగోదు. అది 91 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు. ఆ లెక్కన గుడ్డ మీద 24 అంగుళాల పొడవు పెడితే లావు రెండంగుళాలే వస్తుంది, ములక్కాడలా ఉంటుంది. 18 అంగుళాల పొడవు, 5 అంగుళాల ఎత్తు పెట్టి పొట్ట లావుగా చేయండి. పైన చిన్న బురుజు, దాని మీద పెరిస్కోపుకి ఒక పట్టీ, మూడు గుండ్రటి కిటికీలు. నిజం సబ్‌మెరైన్‌కి కిటికీలుండవని మీ ఆయన అంటారు, పట్టించుకోకండి.

బొమ్మ చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించి, ఆ అంచు లోపలికి మడిచి, సన్నగా హెమ్మింగ్ చేసినట్టు చేత్తో కుట్టాలి. వంపులున్న చోట మడతలో చిన్న చిన్న గాట్లు పెడితే ముడత పడదు. ఈ పని పైపొర మీదే, మిగతా పొరలు కలపకముందే పూర్తిచేయాలి. గుండీలు, పూసలు, కదిలే కళ్లు కుట్టకండి. ఊడి నోట్లోకి పోతాయి.

## పొరలు కలిపి కుట్టడం

కుడుతుంటే పొరలు జరిగిపోయి వెనకాల ముడతలు పడుతున్నాయి.

కచ్చా కుట్టు, అంటే పొరలు కదలకుండా ముందు తాత్కాలికంగా వేసే పొడుగు కుట్టు, సరిగ్గా వేయలేదు. వెనక దుప్పటిని మంచి వైపు నేలకి ఆనేలా తిరగేసి పరిచి, నాలుగు పక్కలా టేపుతో నేలకి అతికించండి. బిగుతుగా ఉండాలి గానీ సాగకూడదు. దానిమీద చీర పొరలు, పైన చదరాల పొర. కింది పొరలన్నీ పైపొర కన్నా చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, నాలుగంగుళాలకొక వరస చొప్పున పొడుగు కుట్లు వేయండి. బయటి నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా నడిమధ్యకి చేరి బుడగలా లేస్తుంది.

కొందరు కచ్చా కుట్టు బద్ధకించి గుండుసూదులో, పిన్నీసులో పెట్టి వదిలేస్తారు. మన సముద్రపు గాలికి మామూలు పిన్నులు తొందరగా తుప్పు పడతాయి, గుడ్డ మీద గోధుమరంగు చుక్కలు పడితే పోవు. దారమే మంచిది. అరిగిపోయిన సూదులు కూడా గుడ్డలో గుచ్చి వదిలేయకండి.

చేత్తో కుట్టాలా, మిషన్ మీదా?

చదరాలు అతకడానికి మిషన్, పొరలు కలిపి కుట్టడానికి చెయ్యి. చేతికుట్టు బొంత ఒంటి మీద వాలుతుంది, దగ్గర దగ్గరగా మిషన్ కుట్టు పడింది కొంచెం బిర్రుగా ఉంటుంది.

అయినా మిషన్ మీదే కుడతానంటే సూది 16 నంబరుది వేసుకుని, కుట్టు పొడవు పెంచి, పాదం ఒత్తిడి కాస్త తగ్గించండి. మిషన్ పళ్లు కింది పొరని ముందుకి లాగుతాయి, పైది వెనకబడుతుంది. అందుకని ప్రతి వరసా ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి, నడిమి వరస ముందు.

చేతికుట్టు ఎంత సన్నగా వేయాలి? దారం ఏది?

అంగుళానికి నాలుగైదు కుట్లు పడితే చాలు. ఎంత సన్నగా అన్నదాని కన్నా అన్నీ ఒకే పొడవు ఉన్నాయా అన్నదే కంటికి తెలుస్తుంది. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ల వెడల్పు వదలండి. దారం నూలుదే, రెండు పోగులు. మోచేతి పొడవు కన్నా ఎక్కువ తీసుకుంటే చిక్కు పడుతుంది. సూది పొట్టిది. నాలుగు పొరల్లోంచి నెట్టాలి కాబట్టి నడిమి వేలికి థింబుల్ పెట్టుకోండి, లేకపోతే రెండో రోజుకే వేలి చివర మండుతుంది.

ముడులు వెనక వికారంగా కనిపిస్తున్నాయి.

ముడి చిన్నది వేయండి. కుట్టు మొదలుపెట్టాల్సిన చోటికి అంగుళం దూరంలో పైపొరలోకి మాత్రమే సూది దించి, మొదలు దగ్గర పైకి తీయండి. ఇప్పుడు ముడి గుడ్డ మీద ఆగి ఉంటుంది. దారాన్ని మెల్లగా, చిన్నగా ఒక్క గుంజు గుంజండి. టక్‌మని లోపలికి దిగిపోతుంది. దిగకపోతే ముడి పెద్దదని, దిగి మళ్లీ బయటికొచ్చేస్తే మరీ చిన్నదని అర్థం. చివర్న కూడా ఇదే పద్ధతి, దారం పొరల మధ్య ఒక అంగుళం నడిపి కత్తిరించండి.

ఎన్నాళ్లు పడుతుంది? వచ్చే నెల పుట్టినరోజు.

రోజుకో గంట కూర్చుంటే చేతికుట్టుకి నెల నుంచి రెండు నెలలు. వచ్చే నెలకే కావాలంటే బోర్డర్, బొమ్మ మానేయండి, కుట్టు వరసలు నాలుగు వేళ్ల దూరం పెట్టండి. టెన్షన్ పడి రాత్రుళ్లు కుడితే వంకర్లు పోతుంది.

అంచు పట్టీ ఎలా వేయాలి?

రెండున్నర అంగుళాల పట్టీలు ఏడు కత్తిరించి, చివరలు ఏటవాలుగా అతికి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. బొంత పక్కలు సమానంగా కత్తిరించాక, పట్టీ తెరిచి ఉన్న అంచుని పైవైపు పెట్టి కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయాలి. ముందు చిరిగేది గడ్డం కింద ఉండే అంచే, అక్కడ కుట్లు దగ్గరగా వేయండి.

## వాడకం, ఉతుకు

మా వాడు ఇంకా అప్పుడప్పుడూ పక్క తడుపుతాడు. బొంత పాడైపోదా?

నూలు బొంత ఉతుక్కోవడానికే. తడిసిన చోట ముందు మామూలు చన్నీళ్లు పోసి పిండి, తర్వాత మొత్తం తేలికపాటి సబ్బుతో వాషింగ్ మిషన్‌లో వేసేయండి. ఆరున్నర కిలోల మిషన్‌లో హాయిగా తిరుగుతుంది. వేడినీళ్లు, బ్లీచింగ్ వద్దు. తడిపినందుకు బొంత తీసేసుకుంటానని పిల్లాణ్ణి బెదిరించకండి, దానివల్ల పక్క తడపడం ఆగదు.

వానాకాలంలో ముక్కవాసన వస్తోంది.

పూర్తిగా ఆరకుండా మడిచారు. ఒక తీగ మీద వేస్తే మధ్యలో నీళ్లు నిలిచిపోతాయి, రెండు తీగల మీద పందిరిలా పరచండి. ఎండ లేని రోజు ఫ్యాను కింద వేసి గంటకోసారి తిప్పండి. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ అతుకుల దగ్గర తేమ దాక్కుంటుంది, అక్కడ బుగ్గకి ఆనించి చూడండి. పోర్టు దగ్గర పాతఊళ్లో ఉండేవాళ్లు తడి బొంత డాబా మీద పరిచేముందు తీగల మీది దుమ్ము తుడవండి, నల్లటి గీత పడిందంటే మళ్లీ ఉతుకే.

బీరువాలో కలరా ఉండలు వేసి దాచొచ్చా?

పిల్లాడి బొంతకి వద్దు. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పిల్లలకి మంచిది కాదు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో రక్తకణాలు దెబ్బతింటాయి. ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టండి, నెలకోసారి తీసి గాలికి ఆరేయండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేయకండి.

పేరు కుట్టాలా?

వెనకవైపు ఒక మూల పేరు, సంవత్సరం కాడ కుట్టుతో వేయండి. పైన పెద్ద అక్షరాలతో వేస్తే తర్వాత తమ్ముడు కప్పుకోనంటాడు.

అప్పుడే ఒకచోట చిరిగింది. మొత్తం విప్పాలా?

అక్కర్లేదు. చిరిగిన చదరం మీదే ఆరున్నర అంగుళాల కొత్త ముక్క పెట్టి, అంచులు పావు అంగుళం లోపలికి మడిచి మాసిక వేయండి. చిరుగు అంచులు కత్తిరించకుండా కిందే ఉండనివ్వండి, లాగి కుడితే చుట్టూ ముడత వస్తుంది. తర్వాత పాత కుట్టు వరసలు ఎక్కడ పోయేవో అక్కడే, ఆ ముక్క మీద నుంచి నాలుగు పొరలకీ కలిపి కుట్టేస్తే సరి. అందుకే మొదట మిగిలిన రెండు చదరాలూ పారేయకుండా, బొంతతో పాటే ప్రతిసారీ ఉతుకుతూ ఉండండి. రంగు కూడా దాంతోపాటే వెలుస్తుంది, మాసిక వేసినా తెలియదు.